చాండ్లర్ ఎండలో కాంక్రీటు డ్రైవ్‌వే: జూలైలో పోయించవచ్చా, నవంబరు దాకా ఆగాలా?

చాండ్లర్_నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో మా ఇల్లు. గ్యారేజీ ముందు 20 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు గల కాంక్రీటు డ్రైవ్‌వే ఇల్లు కట్టిన నాటిది. ఇరవై ఏళ్లు నిండక ముందే అది అడ్డదిడ్డంగా బీటలు వారింది. ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గని 2023 వేసవి గడిచాక చూస్తే, ఒక మూల అంగుళం మేర కుంగి ఉంది. పైపొర కొన్నిచోట్ల పొడిపొడిగా రాలుతోంది. మొత్తం తీసేసి కొత్తది పోయించాలని నిర్ణయించుకున్నాము.

ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చి చూశారు. మొదటి ఆయన జూలైలో తెల్లవారుజామున ఐదింటికి పోస్తానని, 4 అంగుళాల మందం, 3000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడిని తట్టుకుంటుందో చెప్పే బలం కొలత) కాంక్రీటు సరిపోతాయని, కడ్డీలు అవసరం లేదని, సన్నని ఫైబర్ పోగులు కలిపితే చాలని అన్నారు. రెండవ ఆయన నవంబరు వరకు ఆగమన్నారు. 5 అంగుళాల మందం, 4000 పీఎస్‌ఐ, కడ్డీలు వేస్తానని చెప్పి మూడో వంతు ఎక్కువ ధర అడిగారు. గుంటూరులో సొంత ఇల్లు దగ్గరుండి కట్టించిన మా నాన్నగారు ఫోనులో విని, ఎప్పుడు పోసినా మళ్లు కట్టి పద్నాలుగు రోజులు నీళ్లు నిలపనిదే అది నిలవదని, పైన పొడి సిమెంటు చల్లి నున్నగా రుద్దించమని చెప్పారు. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలో తెలిసిన వారు వివరించగలరని ఆశిస్తున్నాను.

రెడీమిక్స్_ఇంజనీరు:

కువైట్‌లో పన్నెండేళ్లు రెడీమిక్స్ ప్లాంటు నాణ్యత విభాగంలో పనిచేసి ఇప్పుడు అరిజోనాలో ఉంటున్నాను. ఎడారిలో కాంక్రీటుకు వేడి ఒక్కటే శత్రువని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో వేడి కన్నా పొడి గాలి ఎక్కువ నష్టం చేస్తుంది.

పోసిన కాంక్రీటులో బరువైన కంకర, ఇసుక కిందికి దిగుతూ ఉంటే కొంత నీరు పైకి తేలుతుంది. ఆ తేలే వేగం కన్నా గాలి దాన్ని లాగేసే వేగం ఎక్కువైతే, ఇంకా గట్టిపడని పైపొర ముడుచుకుని చీలుతుంది. చదరపు అడుగు నుండి గంటకు 0.2 పౌండ్ల నీరు, అంటే చదరపు మీటరు నుండి దాదాపు ఒక కిలో నీరు, ఆవిరయ్యే పరిస్థితి ఉంటే జాగ్రత్త పడాలని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వేడి వాతావరణపు మార్గదర్శకాలు చెబుతాయి. గాలి ఉష్ణోగ్రత 100 డిగ్రీలు, తేమ 15 శాతం, కాంక్రీటు 90 డిగ్రీలు, గాలి వేగం గంటకు 10 మైళ్లు అని తీసుకుని లెక్కిస్తే అది 0.3 వరకు వస్తుంది. మీ 500 చదరపు అడుగుల మీద అది గంటకు 150 పౌండ్లు, అంటే 68 లీటర్లు. గంట గడిచేసరికి నాలుగు బిందెల నీళ్లు మీ కళ్లెదుటే గాలిలో కలిసిపోతాయి. అదే నవంబరు ఉదయం 70 డిగ్రీలలో, కాస్త తేమతో, పెద్దగా గాలి లేనప్పుడు 0.1 దాటదు. గాలి వేగాన్ని 10 మైళ్ల నుండి 5కు తగ్గించగలిగితే, మిగిలినవన్నీ అలాగే ఉన్నా, ఆవిరి నలభై శాతం తగ్గుతుంది. అందుకే కువైట్‌లో మేము పని చుట్టూ గుడ్డ పరదాలు కట్టించేవాళ్లం, రాత్రి పూట పోసేవాళ్లం, కలిపే నీళ్లలో కొంత భాగం మంచుగడ్డలుగా వేసేవాళ్లం.

కాబట్టి జూలైలో పోయడం అసాధ్యం కాదు. అయితే ఐదింటికి మొదలుపెట్టిన పని ఎనిమిదింటికి ఫినిషింగులో ఉంటుంది, పదింటికి ఎండ నడినెత్తికి ఎక్కుతూ ఉంటుంది. పరదాలు, ఆవిరిని ఆపే పిచికారీ ద్రవం, నెమ్మదిగా గట్టిపడేలా చేసే రిటార్డరు, సరిపడా మనుషులు, ఇవన్నీ ఉంటేనే ఆ సాహసం చేయాలి. తొందర లేని ఇంటి పనికి ఆ తంటా ఎందుకని నా ప్రశ్న. అక్టోబరు చివరి నుండి మార్చి వరకు మీ ఊళ్లో కాంక్రీటుకు అనువైన కాలం. రెండవ ఆయన మాటే వినండి.

నీళ్ల విషయంలో ఇంకొక మాట. లారీ వచ్చాక కాంక్రీటు గట్టిగా ఉందని మేస్త్రీలు గొట్టంతో నీళ్లు కలుపుతారు. క్యూబిక్ యార్డుకు ఒక గ్యాలన్ అదనంగా పడితే స్లంపు, అంటే కాంక్రీటు ఎంత జారుడుగా ఉందో చెప్పే కొలత, సుమారు ఒక అంగుళం పెరుగుతుంది, బలం సుమారు 200 పీఎస్‌ఐ తగ్గుతుంది, ఎండాక ముడుచుకునే గుణం పెరుగుతుంది. పలచన కావాలంటే ప్లాస్టిసైజరు కలపమనండి. కాంక్రీటు దిగేటప్పుడు దాని వేడి 95 డిగ్రీలు మించకూడదు. థర్మామీటరు పెట్టి చూడమని అడగడానికి మొహమాట పడకండి.

మీ నాన్నగారు చెప్పిన రెండు మాటల్లో మొదటి దాని సారం, అంటే తడి ఆరనివ్వకూడదన్నది, నూటికి నూరు పాళ్లు సరైనది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడే చర్య రోజుల తరబడి సాగుతుంది, మధ్యలో నీరు ఆవిరైపోతే అక్కడితో ఆగిపోతుంది. అయితే డ్రైవ్‌వేకు వాలు ఉంటుంది కనుక మన డాబాల మీద కట్టినట్లు మళ్లు కట్టడం కుదరదు. తడిపిన గోనె పట్టాలు పరిచి, వాటి మీద ప్లాస్టిక్ కప్పి, ఏడు రోజులు ఎండనివ్వకుండా చూడాలి. అది సాధ్యం కాదంటే ఫినిషింగు అయిన వెంటనే, లోపలి తడి ఆరిపోకుండా పొరలా పట్టే తెల్లని క్యూరింగు ద్రవాన్ని ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పిచికారీ చేయించండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. పగలు ఎండబెట్టి సాయంత్రం తడిపే పద్ధతి మాత్రం వద్దు. తడి, పొడి మారుతుంటే పైన సాలెగూడు వంటి సన్నని పగుళ్లు వస్తాయి.

రెండవది, పొడి సిమెంటు చల్లి రుద్దడం, దయచేసి చేయించకండి. అది పైన ఒక పలుచని, బిరుసైన పొరను ఏర్పరచి కొన్నాళ్లకు పెచ్చులుగా లేచేలా చేస్తుంది. పైకి తేలిన నీరు ఆరిపోయాక చీపురు గీతల ఫినిషింగు చేయించండి, కాలు జారదు కూడా. వానలో నున్నని వాలు మీద పెద్దవాళ్లు నడవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

మట్టి_పరీక్షలు:

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. కానీ మీ మూల కుంగిందంటే కారణం పైన లేదు, కింద ఉంది. పాత పలక పగలగొట్టాక అడుగు మట్టి చూడకుండా కొత్తది పోస్తే ఎంత మందం పోసినా అదే మూల మళ్లీ కుంగుతుంది.

ఫీనిక్స్ లోయలో మూడు రకాల నేలలు ఇబ్బంది పెడతాయి. కొన్ని ప్రాంతాలలో మన నల్లరేగడి లాగే తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమట్టి ఉంటుంది. కొన్నిచోట్ల కొండవాగులు తెచ్చి పోసిన వదులు మట్టి ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం రాయిలా నిలుస్తుంది, తడిస్తే లోపలి ఖాళీలు మూసుకుపోయి ఒక్కసారిగా కుంగుతుంది. మూడవది కలీచే, అంటే సున్నం పేరుకుని గట్టిపడిన తెల్లని పొర. మన చేలలో తగిలే సున్నపు గులకలకు అది దగ్గరి చుట్టం. అది బలమైనదే, కానీ ఒక పక్క కలీచే, మరొక పక్క మెత్తని మట్టి ఉంటే పలక వాటి సరిహద్దులోనే విరుగుతుంది. పైగా నీటిని కిందికి దిగనివ్వదు.

ఫీనిక్స్‌లో ఏడాదికి కురిసేది ఏడెనిమిది అంగుళాలే కనుక నీరు ఎక్కడి నుండి వస్తుందని మీరు అడగవచ్చు. వర్షాకాలపు గాలివానల్లో కప్పు మీది నీళ్లన్నీ ఒకేచోట పడతాయి, ఏడాది పొడవునా మొక్కలకు పెట్టిన డ్రిప్పు గొట్టాలు అంచులను తడుపుతూ ఉంటాయి. కుంగిన మూలకు దగ్గరలో డ్రిప్పు గొట్టం గానీ, కప్పు నుండి నీళ్లు పడే చోటు గానీ ఉందేమో చూడండి. ఉంటే ముందు దానిని మార్చించండి.

పాతది తీశాక మెత్తని మట్టిని తవ్వించి, ఇక్కడి వాళ్లు ఏబీసీ అని పిలిచే కంకర మిశ్రమాన్ని 4 అంగుళాలు పోయించి, తగినంత తడిపి, గరిష్ఠ సాంద్రతలో 95 శాతం వచ్చేలా యంత్రంతో దిమ్మిస కొట్టించాలి. కాంక్రీటు పోసే ముందు ఆ పొరను నీళ్లు నిలవకుండా తడపాలి, లేకపోతే పొడి నేల అడుగు నుండి నీటిని పీల్చేస్తుంది. ప్రతి అడుగు పొడవుకు అంగుళంలో నాలుగో వంతు చొప్పున వాలు వీధి వైపుకు ఉండాలి.

మట్టిలో సల్ఫేటు లవణాలు ఉన్నాయేమో పరీక్ష చేయించడం మంచిది. తీవ్రంగా ఉంటే సల్ఫేటును తట్టుకునే ఐదవ రకం సిమెంటు, నీటి-సిమెంటు నిష్పత్తి 0.45కు మించని 4500 పీఎస్‌ఐ కాంక్రీటు కావాలి. ఫ్లై యాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద) కూడా మేలు చేస్తుంది. మరొక సంగతి: గాలి బుడగలు కలిపిన కాంక్రీటు తప్పనిసరి అని కొందరు చెబుతారు. ఏడు వేల అడుగుల ఎత్తున మంచు కురిసే ఫ్లాగ్‌స్టాఫ్‌లో అది అవసరం, చాండ్లర్‌లో దాని పని లేదు.

టూసాన్_ఇంటాయన:

నేను ఇంజనీరును కాను. టూసాన్‌లో మా ఇంటి డ్రైవ్‌వేను ఒక కాంట్రాక్టరు జూన్ నెలలో పోశారు. చివరి భాగం పోసేసరికి మొదటి భాగం పట్టు వచ్చేసింది. అది సాగడం లేదని బకెట్టుతో నీళ్లు చిలకరించి తాపీతో రుద్దడం నేను నిలబడి చూశాను, అది తప్పని అప్పుడు నాకు తెలియదు. గాట్లు మరుసటి రోజు కోస్తామన్నారు. వాళ్లు వచ్చేసరికి మధ్యలో వెంట్రుక మందం బీట అప్పటికే వచ్చింది. రెండేళ్లకు చిలకరించిన చోటంతా పొడి రాలింది. మీ డ్రైవ్‌వేలో రాలుతున్న చోట్లు కూడా అలాంటివే అయి ఉండవచ్చు.

అందువల్ల గాట్ల సంగతి ఒప్పందంలో రాయించండి. కాంక్రీటు ఎలాగూ ముడుచుకుంటుంది. ఎక్కడ చీలాలో మనం ముందే చెప్పడమే గాటు. వేడి రోజుల్లో నాలుగు గంటలకే కోయవలసి రావచ్చు. లోతు మందంలో నాలుగో వంతు ఉండాలి. మీ కొలతకు వెడల్పును రెండుగా, పొడవును మూడుగా భాగిస్తే పది అడుగులకు ఎనిమిదడుగుల నాలుగు అంగుళాల పలకలు ఆరు వస్తాయి, అది చక్కని కొలత. గ్యారేజీ నేలకు, డ్రైవ్‌వేకు మధ్య అర అంగుళం మెత్తని ఫిల్లరు ఉంచాలి, రెండూ ఒకదాన్నొకటి నెట్టుకోకూడదు.

సంతకం పెట్టే ముందు అరిజోనా రిజిస్ట్రార్ ఆఫ్ కాంట్రాక్టర్స్ వద్ద వారి లైసెన్సు సరిచూసుకోండి. పని చెడితే రెండేళ్లలోపు అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. నాకు అది మూడవ ఏట తెలిసింది.

చాండ్లర్_నివాసి:

మీ ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మట్టి గురించి రాసిన వారు చెప్పినట్లే కుంగిన మూలకు రెండడుగుల దూరంలో నిమ్మచెట్టుకు పెట్టిన డ్రిప్పు గొట్టం ఉంది, ఈ రోజే దాన్ని కట్టేశాను. నవంబరు ఖాయం. నాన్నగారికి పొడి సిమెంటు సంగతి వివరించాను. గోనె పట్టాల మాట విని సంతోషించారు, తాను వచ్చే సమయానికే పోయించమన్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. కడ్డీలకు అదనంగా పెట్టే డబ్బు సార్థకమేనా? కార్లు ఎప్పటి నుండి నిలపవచ్చు?

రెడీమిక్స్_ఇంజనీరు:

కడ్డీలు పగుళ్లను రానివ్వకుండా ఆపవు. వచ్చిన పగులు వెడల్పు కాకుండా, ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి పోకుండా పట్టి ఉంచుతాయి. మీ నేల ఒకసారి కుంగింది కనుక వేయించమనే అంటాను. మూడు ఎనిమిదో వంతుల అంగుళం కడ్డీలు 18 అంగుళాల ఎడంతో, కవర్ బ్లాకుల మీద నిలిపి, పలక మందంలో మధ్యకు గానీ కాస్త పైకి గానీ ఉండాలి. నేల మీద పరిచి, పోసేటప్పుడు పైకి లాగుతామంటే ఒప్పుకోకండి, అవి అడుగునే ఉండిపోతాయి. ఫైబర్ తొలి గంటల్లో వచ్చే సన్నని చీలికలను తగ్గిస్తుంది, కడ్డీల పని చేయదు. 5 అంగుళాల మందానికి మీకు 7.7 క్యూబిక్ యార్డులు పడుతుంది. వృథా కలుపుకుని ఎనిమిదిన్నర తెప్పిస్తే ఒకే లారీలో వస్తుంది, మధ్యలో అతుకు రాదు.

కార్లు ఏడు రోజుల తరువాత, సామాన్ల లారీ వంటివి 28 రోజుల తరువాత. పైన సీలరు వేయించాలనుకుంటే లోపలికి ఇంకే సిలేన్ రకం ఎంచుకోండి. మెరిసే అక్రిలిక్ పూత వేసవిలో వేడి టైర్లకు అంటుకుని ఊడి వస్తుంది.

మట్టి_పరీక్షలు:

పాతది పగలగొట్టే ముందు మరొక పని చేయండి. ఈ లోయలో చాలా ఇళ్ల పునాది పలకలు బిగించిన ఉక్కు తీగలతో కట్టినవి. ఆ సంగతి గ్యారేజీ నేల మీద ముద్ర వేసి ఉంటుంది. ఉంటే డ్రైవ్‌వేను గ్యారేజీకి కలపడానికి అందులో రంధ్రాలు వేయనివ్వకండి, తీగ తెగితే ప్రాణాపాయం. తవ్వకానికి ముందు 811కు ఫోను చేస్తే భూమిలోని గ్యాసు, కరెంటు లైన్ల జాడను ఉచితంగా గుర్తు పెట్టి వెళతారు.

కంకర పొర వేసేటప్పుడే ఒక పక్క నుండి మరొక పక్కకు రెండు అంగుళాల పీవీసీ గొట్టం అడ్డంగా పాతించి, రెండు చివరలూ మూయించి ఉంచండి. రేపు ఆ వైపుకు నీటి గొట్టమో, దీపాల తీగో తీసుకువెళ్లాలంటే కొత్త పలకను కోయనవసరం ఉండదు.