వారపు పరాషా, హఫ్తరా: మీరెలా చదువుతున్నారు?

నిడుబ్రోలు_నాని
యూదులు వారవారం చదివే మోషే పుస్తకాల భాగం (పరాషా), దానికి జోడీగా ప్రవక్తల పుస్తకాల్లోంచి చదివే ముక్క (హఫ్తరా) నేనూ చదువుతున్నా. ఈ వారం పరాషా పేరు వయేత్సే. పట్టికలో ఆదికాండము 28:10 నుంచి 32:3 అని ఉంది. మన బైబిల్లో 32:3 అంటే యాకోబు ఏశావు దగ్గరికి మనుషుల్ని పంపడం. అది వచ్చే వారానిది కదా? హఫ్తరా హోషేయ 14:10 దాకా అట, నా పుస్తకంలో ఆ అధ్యాయం 9తోనే అయిపోయింది. రోజుకు ఎంత చదువుతున్నారు, హఫ్తరా ఎప్పుడు, పిల్లలకు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టారు, కాస్త చెప్పండి.

సికింద్రాబాద్_రూతు
అవి హీబ్రూ లెక్కలు నానీ. మన 31:55 వాళ్లకు 32:1. ఆ అధ్యాయమంతా ఒకటి తగ్గించుకో. హోషేయ 12, 14 కూడా అంతే. మలాకీలో అయితే నాలుగో అధ్యాయమే ఉండదు, అంతా మూడులోనే. మా వాట్సాప్ గ్రూపులో దీని మీదే గొడవై ఇద్దరు బయటికెళ్లిపోయారు. అందులో ఒకావిడ మా ఆడపడుచు.

హైఫా_జగిత్యాల
నేను ఈడ ఇజ్రాయెల్‌ల ఒక ముసలమ్మను సూసుకుంట. మొరాకో నుంచి వచ్చిన యూదులు. ఈ వారం హఫ్తరా హోషేయనే గాని వీళ్లు సదివే ముక్క ఏరే, 11:7 నుంచి 12:12. గదేం ముచ్చట, వయేరా అనే పరాషా వారం సూడాలె! ఎలీషా కథ, షూనేము తల్లిది. పోరడు తల్లి ఒళ్లనే సచ్చిపోయిండు. ఆమె ఎత్తుకపోయి ప్రవక్త మంచం మీద పండవెట్టి తలుపేసింది. మొగడు అడిగితే షాలోమ్ (అంత మంచిగనే) అన్నది. గంతే, బంద్. పోరడు లేసుడు ఏదమ్మా అంటే మా దగ్గర గింతే అన్నది.

హీబ్రూ_మాస్టారు
అమ్మా, మీరు సరిగా విని ఉండరు. 2 రాజులు 4:1 నుంచి 37 వరకు చదవాలి. బైబిలు కళాశాలలో పాత నిబంధన చెప్పినవాణ్ణి, ఇవి నాకు కొత్త కాదు. చచ్చిన బిడ్డను మంచం మీద వదిలేసి పుస్తకం ఎవరు మూస్తారండీ?

హైఫా_జగిత్యాల
నా చెవులతోని విన్న సారూ. సెఫర్దీలు, అంటే స్పెయిన్, మొరాకో దిక్కు యూదులు, ఈడ ఆపుతరని పుస్తకంల అచ్చేసి ఉన్నది, అమ్మ మనుమరాలు సూపెట్టింది.

రాత్రి_పాఠకుడు
అక్క చెప్పిందే నిజం. అష్కెనాజీలు (యూరప్ వైపు యూదులు) 37 దాకా, సెఫర్దీలు 23 దాకా. హఫ్తరాకు మామూలుగా 21 వచనాలుంటే చాలు. మంచి మాట మీద ఆపాలనీ చూస్తారు.

హీబ్రూ_మాస్టారు
మంచి మాటా? కొడుకు పోయిన తల్లి మొగుడి దగ్గర దాచిన మాట అది! వయేరా చివర ఇస్సాకు మీద కత్తి లేచి ఆగుతుంది, బిడ్డ దక్కుతాడు. ఇక్కడ బిడ్డ లేవడమే దానికి జోడీ. అది కోసేస్తే ఇంకేం మిగిలింది?

రాత్రి_పాఠకుడు
16వ వచనం మిగిలింది. వచ్చే ఏడు ఈపాటికి నీ ఒళ్లో కొడుకుంటాడని ఎలీషా అంటాడు. ఆదికాండము 18లో శారా గురించి వచ్చిన మాట అదేగా. జోడీ అక్కడే కుదిరింది.

సికింద్రాబాద్_రూతు
37 దాకా చదవాలనే నాకూ అనిపిస్తుంది. కానీ మాస్టారూ, అక్కడుండి విన్న మనిషిని పట్టుకుని విని ఉండరు అంటారేంటి?

హీబ్రూ_మాస్టారు
కోసేయడం యూదులకు అలవాటేలెండి. షోఫ్తీమ్ అనే పరాషాకు యెషయా 52:12 దగ్గర ఆపుతారు, కీ తేత్సే అనే దానికి 54:1 ఎత్తుకుంటారు. మధ్యలో యేసు గురించే అని మనం చెప్పుకునే 53 ఏమైనట్టు?

చేబ్రోలు_శనివారం
వచ్చిందండీ, ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా. శనివారం మా యూదులం సమాజమందిరానికి బయల్దేరితే దారిలో ఎవడో ఒకడు ఆపి ఇదే అడుగుతాడు. తిషా బేఆవ్ (యెరూషలేము దేవాలయం కూలిన దుఃఖ దినం) తర్వాత ఏడు వారాలు యెషయా 40 నుంచి ఓదార్పు భాగాలు ఏరి చదువుతారు. 48 కూడా వాటిలో లేదు. నహూములో ఒక్క వచనం కూడా మామూలు పట్టికలో రాదు. నహూమును ఎవరికి భయపడి దాచారో అది కూడా మీ కళాశాలలో చెప్పారా?

హీబ్రూ_మాస్టారు
వ్యక్తిగతంగా మాట్లాడొద్దు.

చేబ్రోలు_శనివారం
మొదలెట్టింది ఎవరు?

రాత్రి_పాఠకుడు
నానీ, ఈ గోలలో నీది పోయింది. పరాషాలో అలియాలనే ఏడు ముక్కలుంటాయి, ఆదివారం మొదటిది పెట్టుకుని రోజుకొకటి. హఫ్తరా శుక్రవారం పొద్దున నయం, సాయంత్రం పెట్టుకుంటే వంట హడావుడిలో ఎగిరిపోతుంది. పద్ధతిగా చేసేవాళ్లు హీబ్రూ మూలం రెండుసార్లు, ఒంకెలోస్ అనే అరామిక్ అనువాదం ఒకసారి చదువుతారు.

హైఫా_జగిత్యాల
పట్టిక ఈడిదా బయటిదా సూసుకో తమ్మీ. 2022ల పస్కా ఎనిమిదో దినం శనివారం పడ్డది. ఈడ పండుగ ఏడు దినాలే, గందుకే ఆ శనివారం మామూలు పరాషా, అహరే మోత్, సదివిన్రు. బయట ఇంక పండుగే. ఎండాకాలమంత వారం తేడా నడిచి మత్తోత్, మస్సే పరాషాల కాడ కలిసింది. మా చెల్లె ఫోన్ల సెప్పేది ఒకటి, ఈడ నడిచేది ఒకటి.

సికింద్రాబాద్_రూతు
హనుక్కా (యూదుల దీపాల పండుగ)లో పడే శనివారం మామూలు హఫ్తరా పక్కన పెట్టి జెకర్యా చదువుతారు. ముందే చెప్తున్నా, ఆ వారం మళ్లీ వచ్చి కొట్టుకోకండి.

కోరుట్ల_కుర్రోడు
అక్కా, కేర్‌గివర్ వీసాకు ఏజెంట్‌కు ఎంత కట్టినవ్? శనివారం సెలవు ఇస్తరా?

హైఫా_జగిత్యాల
ఏజెంట్ ముచ్చట ఈడ అడగకు తమ్మీ, మాస్టారు దానికి గూడ వచనం తీస్తడు. ఇన్‌బాక్స్‌కు రా.