సిలిండర్ గోడ మీద గీతలు: ప్లేటింగ్ పోయిందా, పోత (కాస్టింగ్)లోనే లోపమా?

మట్టిబాట:
125 టూ స్ట్రోక్ డర్ట్ బైక్, వాటర్ కూల్డ్. కంప్రెషన్ పడిపోతే విప్పి చూశాను. ఎగ్జాస్ట్ వైపు గోడ మీద నిలువు గీతలు, పోర్ట్ అంచున మినపగింజంత మెరిసే మచ్చ. పిస్టన్ స్కర్ట్ (కింది భాగం) కూడా అదే వైపు గీసుకుపోయింది. ఒకరు బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయమంటున్నారు, ఇంకొకరు కొత్త సిలిండరే కొనమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

లేత్‌పని:
బోరింగ్ మాట మర్చిపో తమ్ముడూ. ఇది ఇనుప లైనర్ కాదు, అల్యూమినియం మీద నికాసిల్ పూత, అంటే నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు. మాలే కంపెనీ 1967లో వాంకెల్ ఇంజిన్ల కోసం తెచ్చింది. మందం సాధారణంగా మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు, బోరింగ్ పెడితే మొత్తం లేచిపోయి రింగులు మెత్తటి అల్యూమినియం మీద నడుస్తాయి.

గీత కనిపించిందంటే పూత పోయినట్టేం కాదు. చాలాసార్లు అది పిస్టన్ నుంచి వచ్చి అంటుకున్న అల్యూమినియమే. గోరు అడ్డంగా లాగి చూడు, ఎత్తుగా తగిలితే అంటుకున్నది, గుంటలో దిగితే పూత దెబ్బతిన్నది. తర్వాత దూది చుట్టిన పుల్లతో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆ గీతల మీద మాత్రమే రాయి, పోర్టుల్లోకి కారనివ్వకు. నురుగు వస్తుంది, తుడిచి మళ్లీ రాయి. నురుగు ఆగి కింద బూడిద రంగు పూత, దాని మీద పాత హోనింగ్ గీతలు (తయారీలో ఆయిల్ నిలవడానికి రాపిడితో పెట్టే సన్నటి అడ్డదిడ్డ గీతలు) కనిపిస్తే ఆ చోటు బతికినట్టే. ఎంత తుడిచినా ఒకేచోట నురుగు వస్తూనే ఉంటే అక్కడ పూత లేదు, సిలిండరే కరుగుతోంది, వెంటనే ఆపేసి నీళ్లతో బాగా కడిగి ఆయిల్ పట్టించు. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, ఆరుబయటే చెయ్యి.

రెండోగేరు:
గీతలు ఎక్కడున్నాయన్నదే నా దృష్టిలో అసలు విషయం. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే అంటే వేడి, ఎక్కువగా మిక్స్చర్ లీన్ అవడం, అంటే పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువవడం వల్ల. చుట్టూ నాలుగు చోట్ల సమానంగా ఉంటే ఇంజిన్ వేడెక్కకముందే లాగేశారని. ఇన్‌టేక్ వైపు స్కర్ట్ మసకగా అరిగితే ఫిల్టర్ దాటి దుమ్ము వస్తోందని. మీది మొదటి రకంలా ఉంది. బయటి గాలి ఎక్కడైనా లోపలికి లీకవుతోందేమో తెలియాలంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసేసి 6 పీఎస్ఐ గాలి నింపి, క్రాంక్ సీళ్ల దగ్గర సబ్బునీళ్లు వేసి బుడగలు వస్తాయేమో చూడండి. కారణం దొరక్కుండా కొత్త పిస్టన్ వేస్తే అది కూడా అలాగే పోతుంది.

మట్టిబాట:
ఇంకో సంగతి, కూలెంట్ కొద్దికొద్దిగా తగ్గుతోంది. హెడ్ గాస్కెట్ మార్చినా ఆగలేదు. పోతలో లోపం ఉంటుందా?

పోతకొలిమి:
ఉండొచ్చు కానీ ముందు హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి ఉక్కు పట్టీ) పెట్టి చూడండి, వంగిన హెడ్‌లే ఎక్కువ. తర్వాత సిలిండర్ వాటర్ జాకెట్ (గోడ చుట్టూ కూలెంట్ తిరిగే ఖాళీ) దారులన్నీ బిగించి, తక్కువ ఒత్తిడితో గాలి పెట్టి వెచ్చటి నీళ్లలో ముంచండి. బోర్ గోడలోంచి బుడగలు వస్తే పోత గుల్లగా ఉన్నట్టే. పూత అంటుకోక ఊడితే పెచ్చులుగా లేస్తుంది, కింద శుభ్రమైన అల్యూమినియం కనిపిస్తుంది. పోత లోపమైతే సూదిమొనంత రంధ్రం, దాని చుట్టూ పూత పొంగి ఉంటుంది. ఈ రెంటికీ రిపేర్ వేరు, రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్చకుండా మళ్లీ పూత వేస్తే అదే చోట పొంగుతుంది.

మట్టిబాట:
అన్నీ చేశాను. గీతలు చాలావరకు యాసిడ్‌తో పోయాయి, హోనింగ్ గీతలు చక్కగా బయటపడ్డాయి. పోర్ట్ అంచు మచ్చ దగ్గర మాత్రం నురుగు ఆగలేదు. నీళ్లలో బోర్‌లోంచి బుడగలేం రాలేదు. స్ట్రెయిట్ ఎడ్జ్‌కీ హెడ్‌కీ మధ్య 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరిపోయింది. మాగ్నెటో వైపు క్రాంక్ సీల్ దగ్గర మాత్రం సబ్బునురగ పొంగుతూనే ఉంది.

రెండోగేరు:
అదిగో మీ లీన్ మిక్స్చర్, ఆ సీల్ లోంచి గాలి లాగుతోంది. సీల్ రెండువైపులా మార్చండి.

లేత్‌పని:
హెడ్ ఫేసింగ్ చేయించు (వంపు పోయేలా ముఖం చదును చేయించడం), సిలిండర్ రీప్లేటింగ్‌కి పంపు. పాత పూత తీసి కొత్తది వేసి డైమండ్ హోనింగ్ చేస్తారు, పిస్టన్ కూడా వెంట పంపితే క్లియరెన్స్ దానికి తగ్గట్టు వస్తుంది. తిరిగి రాగానే పోర్ట్ అంచులన్నీ వేలితో తడుము, చాంఫర్ (అంచు వాలుగా చెక్కడం) లేకుండా పదునుగా ఉంటే రింగ్ తగులుకుంటుంది. ఊడిన పూత ముక్కలు క్రాంక్‌కేస్‌లోకే పోయుంటాయి, అవి బేరింగ్‌ని తినేస్తాయి, కాబట్టి సీళ్ల కోసం ఎలాగూ విప్పుతున్నావు కదా, కేస్ రెండుగా విడదీసి బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది చివర), మెయిన్ బేరింగులు కూడా చూసుకో.