45 యూనిట్ల ప్యాకా, 55 యూనిట్లదా? ఫ్యామిలీ ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ రేంజ్, ఇంటి ఛార్జింగ్, వెనక సీటు

కొత్తబండి_కోసం
తక్కువ ధరలో ఐదుగురు కూర్చునే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ చూస్తున్నాం. ఒకే మోడల్లో 45 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీ ప్యాక్, 55 యూనిట్ల ప్యాక్ రెండూ ఉన్నాయి. రోజూ 40 కిలోమీటర్లు, నెలకోసారి ఒకవైపు 350 కిలోమీటర్లు. అడిగేవి నాలుగు. పెద్ద ప్యాక్‌కి పెట్టే అదనపు డబ్బుకి ఫలితం ఉంటుందా? ఇంట్లో ఉన్న 16 ఆంప్స్ సాకెట్ సరిపోతుందా? మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెనక సీట్లో మూడు గంటలు కూర్చోగలరా? స్టెప్నీ లేని బండి తీసుకోవచ్చా?

యూనిట్ లెక్క
ముందు కాగితం మీది రేంజ్ మర్చిపోండి. రేంజ్ కొలిచే డబ్ల్యూఎల్‌టీపీ అనే ప్రామాణిక పరీక్ష అంటే 23 డిగ్రీల గదిలో రోలర్ల మీద 23 కిలోమీటర్ల పరుగు, సగటు వేగం 46.5. హైవే మీద మీ పాదం ఆ వేగంలో ఉండదు. ఈ సైజు బండి మనుషులతో కలిపి 1900 కిలోలనుకుంటే యూనిట్‌కి 80 వేగంలో 6.8 కిలోమీటర్లు, 100లో 5.4, 120లో 4.2 దగ్గర వస్తాయి. ఏసీ మామూలుగా వేసుకుని, ఎదురుగాలి లేనప్పటి మాట.

ఇప్పుడు మీ 350. రెండు ప్యాకులూ నిండుగా బయల్దేరి 10 శాతం దగ్గర ఆగాయనుకోండి. 55 ప్యాక్ 49.5 యూనిట్లు వాడి 267 కిలోమీటర్లు వెళ్తుంది. మిగతా 83కి 15.4 యూనిట్లు ఎక్కించుకోవాలి. 45 ప్యాక్ 219 దగ్గర ఆగుతుంది, దానికి 24.3 యూనిట్లు కావాలి. సగటున 45 కిలోవాట్లు ఇచ్చే ఛార్జర్ దగ్గర మొదటిదానికి 20 నిమిషాలు, రెండోదానికి 32. ఎలాగైనా ఒక్కసారే ఆగుతున్నారు. నెలకోసారి వచ్చే ఆ 12 నిమిషాల కోసం అంత డబ్బు పెట్టాలా అన్నదే మీరు తేల్చుకోవాల్సింది. 45, 55 అన్నవి వాడుకోగలిగే యూనిట్లా, మొత్తం యూనిట్లా అని మాత్రం అడిగి తెలుసుకోండి. రెండింటి మధ్య 2, 3 యూనిట్ల తేడా ఉండొచ్చు.

హైవే పక్షి
లెక్క బాగుంది కానీ 100 దగ్గరే ఎందుకు కట్టేశారు? స్పీడ్ లిమిట్ 120 ఉన్న రోడ్డు మీద 350 కిలోమీటర్లకి 2 గంటల 55 నిమిషాలు, 100లో అయితే మూడున్నర గంటలు. 120లో అదనంగా అయ్యేవి 18 యూనిట్లు, అంటే 24 నిమిషాల ఛార్జింగ్. 35 నిమిషాలు మిగిలి 24 పోయాయి. అప్పటికీ 11 నిమిషాలు ముందే చేరతారు. మెల్లగా వెళ్తేనే తొందరగా చేరతామనే మాట ప్రతి చర్చలోనూ వస్తుంది. వేగంగా ఎక్కించే ఛార్జర్ ఉంటే అది నిజం కాదు.

మెల్లగా_వెళ్దాం
పక్షి గారూ, మీ లెక్క 55 ప్యాక్‌కే. 120లో మొత్తం 83 యూనిట్లు కావాలి. 45 ప్యాక్ మొదట ఇచ్చేది 40.5. మిగతా 43 యూనిట్లు ఒక్క దఫాలో 10 శాతం పైన పట్టవు, రెండోసారి ఆగాల్సిందే. ఆగిన ప్రతిసారీ రోడ్డు దిగడం, ఛార్జింగ్ గన్ బండికి పెట్టడం, యాప్‌తో మొదలుపెట్టడం, మళ్లీ ఎక్కడం కలిపి 8 నుంచి 10 నిమిషాలు. మీ 11 అక్కడే అయిపోయాయి. ముందు ఇంకో బండి ఉంటే ఇక చెప్పేదేముంది.

60 కిలోవాట్లని బోర్డు ఉంటే 60 వస్తాయనీ అనుకోవద్దు. గన్ పరిమితి 150 ఆంప్స్ అయితే 350 వోల్టుల ప్యాక్‌కి వచ్చేది 52. పక్క గన్‌కి ఇంకో బండి తగిలితే చాలా ఛార్జర్లలో సగం సగం, 30 చొప్పున. 80 శాతం దాటాక బండే తగ్గించేస్తుంది. అక్కడి నుంచి 100 దాకా నిలబడటం వెనకాల ఉన్నవాళ్లకి అన్యాయం.

ప్యానెల్ బోర్డు
అన్నిటికంటే ప్రమాదమైన ప్రశ్నని అందరూ దాటేశారు. 16 ఆంప్స్ సాకెట్. పదిహేనేళ్లుగా ప్యానెల్ బోర్డులు కడుతున్నాను కాబట్టి గట్టిగానే చెప్తున్నా, గీజర్ సాకెట్లో పెట్టి రాత్రంతా వదిలేయకండి. గీజర్ పావుగంట నడుస్తుంది, బండి ఎనిమిది గంటలు లాగుతుంది. ముందు వేడెక్కేది వైరు కాదు, సాకెట్ వెనక స్క్రూ. లూజు స్క్రూ దగ్గర నిరోధం పెరుగుతుంది, వేడికి ఇంకా లూజవుతుంది. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిందంటే ఆ సాకెట్ పని అయిపోయినట్టే. 7.4 కిలోవాట్ల వాల్ బాక్స్ (గోడకి బిగించే ఛార్జర్) పెట్టించుకోండి, 6 ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు, 40 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటది పడిపోయే స్విచ్). అంతే.

యూనిట్ లెక్క
రోజుకి 40 కిలోమీటర్లకి వాల్ బాక్స్ ఎందుకండీ? ఊరి తిరుగుడులో 6.2 యూనిట్లు, వృథాతో కలిపి గోడ దగ్గర 7. బండిలో కరెంటు 10 ఆంప్స్‌కి తగ్గించి పెడితే 2.3 కిలోవాట్లు, మూడు గంటల పని. స్క్రూలు గట్టిగా ఉన్న సాకెట్‌కి 10 ఆంప్స్‌తో భయం తక్కువ.

ప్యానెల్ బోర్డు
మూడు గంటలు ఒక్క రోజుది. ఊరి నుంచి 10 శాతంతో తిరిగొచ్చిన రాత్రి? 55 ప్యాక్ నిండటానికి 2.3 కిలోవాట్లతో ఒక రోజు రాత్రీ పగలూ పడుతుంది. పైగా నెమ్మదిగా ఎక్కించడమూ వృథానే. ఛార్జింగ్‌లో ఉన్నంతసేపూ బండిలో కంప్యూటర్లు, పంపులు కలిపి 250 వాట్లు తింటాయనుకోండి. 2.3లో అది 11 శాతం, 7.4లో మూడున్నర శాతం లోపు.

సిక్స్ ఎంఎం
ప్యానెల్ గారూ, ‘6 ఎంఎం వైరు, 40 ఆంప్స్ ఎంసీబీ, అంతే’ అని రాసి వదిలేస్తే ఎలా? ఎంసీబీ కాపాడేది బండిని కాదు, వైరుని. గోడ మీద విడిగా వెళ్లే 6 ఎంఎం వైరు 40 మోస్తుంది. అదే వైరు నాలుగు సర్క్యూట్లతో ఒకే పైపులో, ఎండ తగిలే గోడలో వెళ్తే 32కి కూడా చాలదు. అక్కడ 40 ఎంసీబీ పెడితే వైరు ఉడుకుతుంది, ఎంసీబీ పడదు. దాని స్వభావమే అంత. రేటింగ్‌కి 1.13 రెట్ల దాకా గంటసేపు పడకూడదు, 1.45 రెట్లయితే గంటలోపు పడాలి. 40 ఎంసీబీ 45 ఆంప్స్‌ని గంటసేపు కూడా వదిలేయగలదు. 32 పెట్టండి, వైరుకి తగ్గట్టు.

ప్యానెల్ బోర్డు
పుస్తకం చదివి చెప్పే మాట అది. 32 ఆంప్స్ లోడుకి 32 ఎంసీబీ పెట్టండి, మూసి ఉన్న డబ్బాలో, వేసవిలో, మూడో గంటకి పడిపోతుంది. ఎంసీబీని 30 డిగ్రీల దగ్గర సరిచేసి అమ్ముతారు. డబ్బాలో 50 ఉంటే దాని బలం 29, 30కి వస్తుంది. తెల్లారి లేచి చూస్తే బండి 40 శాతం దగ్గర ఆగి ఉంటుంది. అప్పుడు ఎవర్ని తిడతారు?

సిక్స్ ఎంఎం
పడిపోతే ముందు వైరు లావు పెంచాలి, ఆ తర్వాతే పెద్ద ఎంసీబీ. వైరు మార్చకుండా పడిన ఎంసీబీకి పెద్దది మార్చడమే ఇళ్లు తగలబడే దారి. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఆ ముక్క రాయకపోవడం తప్పు.

ప్యానెల్ బోర్డు
నేను కొత్తగా విడి వైరు లాగమన్నాను. పాత పైపులో దూర్చమని ఎక్కడన్నాను? చదివి మాట్లాడండి.

ఎర్తు పిన్ను
ఇద్దరూ ఒకటే చెప్తున్నారు, మధ్యలో వైరు దారి రాయకుండా. బోర్డు నుంచి బండి దాకా ఆ ఒక్క సర్క్యూట్‌కే విడి లైన్, గోడ మీద విడి పైపు, పాతిక మీటర్ల లోపు అయితే 6 ఎంఎం, 40 ఎంసీబీ. వేరే వైర్లతో కలిసి వెళ్లినా, అంతకంటే దూరమైనా 10 ఎంఎం. 30 మీటర్ల 6 ఎంఎం వైరులో 32 ఆంప్స్‌కి 7 వోల్టులు పడిపోతాయి, అంటే 220 వాట్లకి పైగా గోడలోనే వేడైపోతున్నాయి. 10 ఎంఎంకి మారిస్తే పడేది 4 వోల్టుల చిల్లర.

మీరిద్దరూ వదిలేసింది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్. ఇళ్లల్లో మామూలుగా ఉండే ‘టైప్ ఏసీ’ (ఏసీ కరెంటు లీకేజీనే పట్టేది) ఇక్కడ పనికిరాదు. బండి ఛార్జర్ నుంచి డీసీ లీకేజీ వస్తే ఆ టైప్‌కి కళ్లు మూసుకుపోతాయి, మనిషికి షాక్ కొట్టినా పడకపోవచ్చు. వాల్ బాక్స్ లోపల 6 మిల్లీఆంప్స్ డీసీని పట్టే ఏర్పాటు ఉంటే బయట టైప్ ఏ, 30 మిల్లీఆంప్స్ చాలు. లేకపోతే టైప్ బీ. బండి లైన్‌ని ఇంటి మొత్తానికి ఉన్న ఆర్‌సీసీబీ కింద నుంచి తీయకండి, దానికంటే ముందు నుంచి విడిగా తీయండి.

ఎర్తింగ్ సంగతీ అంతే. ఛార్జర్ ‘ఎర్త్ ఫాల్ట్’ అని మొరాయిస్తే న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య వోల్టేజీ చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 1, 2 వోల్టులే ఉండి లోడు పెట్టాక 4, 5కి పెరిగితే అది న్యూట్రల్ వైరులో పడిపోతున్న వోల్టేజీ. గుంటలో ఉప్పూ బొగ్గూ పోసినంత మాత్రాన అది తగ్గదు.

ప్యానెల్ బోర్డు
ఇది ఒప్పుకుంటా. టైప్ ఏ మాట ముందే రాయాల్సింది నేను. ఇంకోటి, 6 ఎంఎం పోగుల వైరుని నేరుగా స్క్రూ కింద పెట్టకండి. వైరు చివర లగ్గు (లోహపు తొడుగు) వేసి, నొక్కి క్రింప్ చేసి బిగించాలి, నెల తర్వాత మళ్లీ ఒకసారి కరెంటు ఆపి బిగించి చూడాలి.

సెల్ నెంబర్ 96
వైర్ల గొడవ సరే, ప్యాక్‌లో ఏ కెమిస్ట్రీ ఉందో అడిగారా? తక్కువ ధర బండ్లలో ఎక్కువగా వచ్చేది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్). దాన్ని వారం, పది రోజులకోసారి ఇంటి ఛార్జర్ మీద 100 దాకా ఎక్కించి, ఛార్జింగ్ దానంతటది ఆగేదాకా వదలాలి. 20 నుంచి 80 శాతం మధ్య సెల్ వోల్టేజీ 3.2, 3.3 దగ్గరే కదలకుండా ఉంటుంది, అందుకని ఎంత మిగిలిందో బీఎంఎస్ (బ్యాటరీని చూసుకునే కంప్యూటర్) అంచనా తప్పుతూ పోతుంది. సెల్స్ సమం అయ్యేదీ పై చివరే. నెలలపాటు 80 దాటించకుండా వాడితే 15 శాతం చూపిస్తూ బండి ఆగిపోయే పరిస్థితి వస్తుంది. అదే ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) అయితే రోజూ 80 దాకానే, ప్రయాణం ఉన్న పూట 100. ఎల్‌ఎఫ్‌పీకి చలంటే పడదు. సున్నా డిగ్రీల దగ్గర ఛార్జింగ్ చాలా నెమ్మదిస్తుంది. చలి ప్రాంతం వాళ్లు ప్యాక్ హీటర్ ఉన్న వేరియంటే చూసుకోవాలి.

మెల్లగా_వెళ్దాం
కొండ మీద ఇల్లున్నవాళ్లకి ఇంకో ముక్క. 100 నింపి దిగకండి. నిండిన ప్యాక్‌కి రీజెన్ (బండి నెమ్మదించేటప్పుడు మోటారు తిరిగి పంపే కరెంటు) పట్టదు, పెడల్ వదిలినా బండి నెమ్మదించదు, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. 1900 కిలోల బండి 600 మీటర్లు దిగితే 3 యూనిట్ల శక్తి, తిరిగి వచ్చేది సుమారు 2. ఆ మేరకు చోటు ఉంచుకుని 90 దగ్గర ఆపండి.

కొత్తబండి_కోసం
అందరికీ ధన్యవాదాలు, వైర్ల సంగతి ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తాను. వెనక సీటు, స్టెప్నీ గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

వెనకసీటు
ఇంతమందిలో ఒక్కరూ కూర్చుని చూసే మాట ఎత్తలేదంటే బాధగా ఉంది. రోజూ అందులో కూర్చునేది మనుషులే కదా. పెట్రోలు బండి ఒళ్లునే మార్చి చేసిన మోడళ్లలో ప్యాక్ నేల కింద ఉంటుంది కాబట్టి వెనక నేల ఎత్తు, సీటు ఎత్తు మాత్రం అంతే. మోకాళ్లు పైకి లేస్తాయి, తొడలకి ఆనుడు ఉండదు, బరువంతా నడుం మీద పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మూడు గంటలు కష్టం. షోరూంలో ఇలా చూడండి. డ్రైవర్ సీటుని బాగా కిందికి దించమనండి, దాని కింద పాదం దూరుతుందా? తొడకీ సీటుకీ మధ్య నాలుగు వేళ్లు దూరితే ఆ సీటు మీ పెద్దవాళ్లకి పనికిరాదు. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి, రెండు నిమిషాలు చాలవు. గడప ఎత్తు, తలుపు ఎంత తెరుచుకుంటుందో చూడటం మరవొద్దు.

స్టెప్నీ లేకపోతే ఇచ్చేది సీలెంట్ సీసా, గాలి పంపు. ట్రెడ్‌లో చిన్న మేకు రంధ్రానికి అది పనిచేస్తుంది. పక్కగోడ చిరిగితే పనికిరాదు. సీసా మీద గడువు తేదీ ఉంటుంది, దాటితే గడ్డకడుతుంది. విడిగా స్టెప్నీ కొనుక్కుంటే బూట్‌లో సగం చోటు అదే తింటుంది. ఛార్జింగ్ కేబుల్ నేల కింద అరలో ఉంటే, దారిలో అది తీయడానికి సామానంతా దించాలి. కేబుల్‌ని బ్యాగులో పెట్టి పైన ఉంచుకోండి.

హైవే పక్షి
పంక్చర్ లాగే దారిలో ఆపేసేది ఇంకోటుంది, 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది నీరసిస్తే పెద్ద ప్యాక్ 80 శాతం ఉన్నా దాన్ని బండికి కలిపే స్విచ్‌లు (కాంటాక్టర్లు) కలవవు, తలుపు కూడా తెరుచుకోకపోవచ్చు. రిమోట్‌లో దాగి ఉండే ఇనుప తాళంచెవిని తలుపులో ఎక్కడ పెట్టాలో ముందే చూసుకోండి. మామూలు జంపర్ కేబుల్‌తో 12 వోల్టులు ఇస్తే బండి లేస్తుంది. మీ బండితో వేరేవాళ్ల బండికి జంప్ ఇవ్వడాన్ని మాత్రం చాలా మాన్యువల్స్ వద్దంటాయి. లాక్కెళ్లాల్సి వస్తే నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ పిలవండి. మోటారుకి కలిసి ఉన్న చక్రాలు నేల మీద తిరిగితే మోటారు జనరేటరై, దాన్ని నడిపే ఇన్వర్టర్‌ని పాడుచేయొచ్చు.

కొత్తబండి_కోసం
గన్ బండిలో ఇరుక్కుపోతే ఏం చేయాలి? అది కూడా విన్నాను.

ఎర్తు పిన్ను
లాగకండి. ఛార్జర్లో సెషన్ ఆపి, బండిని లాక్ చేసి అన్‌లాక్ చేయండి, పిన్ను వెనక్కి వెళ్తున్న చప్పుడు వినిపిస్తుంది. అదే సమయంలో గన్‌ని కొంచెం లోపలికి నొక్కిపెట్టండి, కేబుల్ బరువుకి గన్ వాలిపోయి పిన్ను పట్టేసి ఉంటుంది. అప్పటికీ రాకపోతే చాలా బండ్లలో ఛార్జింగ్ పోర్టు వెనకాల, బూట్ లైనింగ్ లోపల లేదా బోనెట్ కింద ఒక చిన్న తాడు ఉంటుంది. డెలివరీ రోజు అది ఎక్కడుందో చూపించమని అడిగి, ఒకసారి మీ చేత్తోనే లాగి చూడండి.