అప్‌డేట్: నీళ్లలో ముంచగానే ఖుక్రీ అంచు పగలడం – పరిష్కారం దొరికింది

లారీ కమాను పట్టీతో చేస్తున్న ఖుక్రీ (నేపాలీ వంపు కత్తి), ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచగానే కడుపు భాగంలో (వెడల్పుగా ఉండే చోట) అంచు పగులుతోందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కెటిల్‌తో నీళ్లు పోసే పద్ధతి చెప్పినవారికి ప్రత్యేకంగా.

తూర్పు నేపాల్‌లోని ధరాన్‌లో కొలిమి నడిపే ఒక దాయి (నేపాలీలో అన్న) దగ్గర చూపించాను. ఆయన కూడా అదే చెప్పారు: వెన్ను మందం, అంచు పల్చన. మొత్తం ముంచితే రెండూ ఒకే వేగంతో చల్లారవు, ఆ లాగుడుకి అంచు చీలుతుంది. అక్కడ కత్తిని ముంచరు. టీ కెటిల్‌తో సన్నటి ధారగా అంచు మీద మాత్రమే, మొదలు నుంచి మొన దాకా అటూ ఇటూ నీళ్లు పోస్తారు. వెన్ను వేడిగానే ఉంటుంది. ఆ మిగిలిన వేడి అంచులోకి పాకి పెళుసుతనాన్ని తగ్గిస్తుంది. ధార ఎప్పుడు ఆపాలో రంగు చూసి తెలుసుకోవాలి, అసలు పనితనం అక్కడే ఉంది. ఎంత కాల్చాలో అయస్కాంతంతో చూసుకోవచ్చు, ఇనుము దానికి అంటుకోవడం మానేశాక ఇంకాస్త కాలిస్తే చాలు.

ఇప్పుడు చేసిన కత్తికి పగుళ్లు లేవు. అంచు మీద ఆకురాయి జారిపోతోంది, వెన్ను మీద పట్టుకుంటోంది. అంటే అంచు గట్టిపడింది, వెన్ను మెత్తగానే ఉంది.

ఖుక్రీకి పిడి దగ్గర పెట్టే గాటు వల్లే పగులుతోందన్న అనుమానానికి ఇక్కడ సంబంధం లేదు. పట్టీ మార్చాల్సిన అవసరమూ రాలేదు, అదే పట్టీలో మిగిలిన ముక్కతోనే ఇది చేశాను.