మహిళలకు సైకిల్ సీటు: జెల్ కవర్ వేశాక ఇబ్బంది ఇంకా పెరిగింది, ఏది తీసుకోవాలి?

గేరుబండి:
నాది హైబ్రిడ్ సైకిల్. బండితో వచ్చిన సీటు గట్టిగా ఉందని దాని మీద మందపాటి జెల్ కవర్ తొడిగాను. మొదటి పది నిమిషాలు హాయిగానే ఉంటోంది. అరగంట దాటేసరికి ముందువైపు, మూత్రద్వారం చుట్టుపక్కల నొక్కేసినట్టయి తిమ్మిరెక్కుతోంది. దిగాక కూడా కాసేపు స్పర్శ సరిగా తెలియట్లేదు. వెనక ఎముకల దగ్గర పెద్దగా నొప్పి లేదు. కుడి తొడ లోపలివైపు మాత్రం ఒరుసుకుపోయి ఎర్రబడుతోంది.

సీటు వెడల్పు 150 మి.మీ. హ్యాండిల్ సీటు కంటే 5 సెం.మీ. కిందికి ఉంది. మహిళల సీట్లని అమ్ముతున్నవి చూస్తే కొన్ని పరుపుల్లా ఉన్నాయి, కొన్నింటికి మధ్యలో పెద్ద కన్నం ఉంది, కొన్ని బాగా పొట్టిగా ఉన్నాయి. వీటిలో ఏది ఎందుకో తెలిసినవాళ్లు చెప్పండి.

అట్టముక్క:
ముందు ఆ జెల్ కవర్ తీసేయండి. మీ తిమ్మిరికి సగం కారణం అదే అయ్యుండొచ్చు.

సీటు మీద బరువు మోయాల్సినవి పిరుదుల కింద తగిలే రెండు ఎముకలు. మెత్త మరీ ఎక్కువైతే ఆ ఎముకలు అందులో దిగబడిపోతాయి. అక్కడినుంచి పక్కకు జరిగిన జెల్ మధ్యలోకి చేరి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మెత్తటి కండనీ, అక్కడి నరాలనీ, రక్తనాళాలనీ కిందినుంచి నొక్కుతుంది. మొదట హాయిగా ఉండి తర్వాత తిమ్మిరెక్కడం దీని గుర్తు. పైగా కవర్ సీటు మీద అటూ ఇటూ కదులుతూ చర్మాన్ని ఒరుస్తుంది. బొటనవేలితో నొక్కి చూసి, మెత్తగా ఉంది కదా అని సీటు కొంటే ఇలాగే అవుతుంది.

ఇక కొలత. లోపల ముడతలుండే ప్యాకింగ్ అట్ట ముక్కని గట్టి బల్ల మీదో మెట్టు మీదో పెట్టండి. పల్చటి బట్టలతో దాని మీద కూర్చోండి. మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో ఉండేలా కాళ్ల కింద ఏదైనా పెట్టుకోండి. కాస్త ముందుకు వంగి, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని శరీరాన్ని కిందికి లాగినట్టు అర నిమిషం ఉండండి. లేచాక సుద్దముక్కని పడుకోబెట్టి అట్ట మీద తేలిగ్గా రుద్దితే, రెండు గుంటల్లో మాత్రం రంగు అంటదు. ఒక్కో గుంట మధ్యలో చుక్క పెట్టి, ఆ రెండు చుక్కల మధ్య దూరం మి.మీ.లో కొలవండి. అంచు నుంచి అంచుకి కొలిస్తే లెక్క తప్పుతుంది. అట్ట మార్చి మూడుసార్లు చేయండి. కొలతలు 5 మి.మీ. లోపు కలిస్తే సగటు తీసుకోండి, అంతకు మించి తేడా వస్తే కూర్చునే తీరు మారుతోందన్నమాట.

చాలామంది ఆడవాళ్లకి ఈ దూరం 110 నుంచి 150 మి.మీ. మధ్య ఉంటుంది. సగటున మగవాళ్లకంటే కాస్త ఎక్కువే గానీ, మనిషికీ మనిషికీ మధ్య తేడా అంతకంటే చాలా ఎక్కువ. శరీరం లావుని బట్టో, ప్యాంటు సైజుని బట్టో ఊహిస్తే కుదరదు. సన్నగా ఉన్నవాళ్లకి 140 రావచ్చు, భారీగా ఉన్నవాళ్లకి 115 రావచ్చు. అందుకే ‘మహిళల సీటు’ అనే ముద్ర కంటే మీ కొలతే నమ్మదగింది.

వచ్చిన సంఖ్యకి, బాగా ముందుకు వంగి తొక్కేవాళ్లు సుమారు 20 మి.మీ., మీలా మధ్యస్థంగా వంగేవాళ్లు 30, నిటారుగా కూర్చునేవాళ్లు 40 పైన కలపాలి. సీటు అంచులు కిందికి ఒంపు తిరిగి ఉంటాయి కాబట్టి, రాసి ఉన్న వెడల్పంతా బరువు మోయదు. ఇక ముందుకు వంగిన కొద్దీ కటి ఎముక తిరిగి, బరువు ముందుకి, ఎముకలు దగ్గరగా ఉండే చోటికి జరుగుతుంది. అందుకే వంగి తొక్కేవాళ్లకి తక్కువ వెడల్పు సరిపోతుంది.

స్పానర్14:
కొలత మంచిదే. కానీ కొత్త సీటు కొనే ముందు ఉన్న సీటు ఎలా బిగించి ఉందో చూడండి. వంకర బిగింపు మీద ఎంత మంచి సీటు పెట్టినా నొప్పే.

ఎత్తు: పెడల్ అట్టడుగున, సీటు గొట్టం వరసలో ఉన్నప్పుడు దాని మీద మడమ పెట్టండి. మోకాలు సరిగ్గా చాచుకోవాలి, తుంటి ఒక పక్కకి ఒరగకూడదు. ఒరిగిందంటే సీటు ఎత్తు ఎక్కువ. లెక్క కావాలంటే, చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, గట్టి అట్ట పుస్తకం వీపుని కాళ్ల మధ్య పైకి బాగా ఆనించి, నేల నుంచి అక్కడికి కొలిచి, 0.883తో గుణించండి. 75 సెం.మీ. వస్తే 66.2. పెడల్ చేతులు తిరిగే నడిమి ఇరుసు (పెడల్‌ది కాదు, ఫ్రేమ్ అడుగున ఉండేది) మధ్య నుంచి సీటు పైభాగం దాకా సీటు గొట్టం వెంబడి ఉండాల్సిన దూరం అది. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే, తర్వాత మీ కాలిని బట్టి అటూ ఇటూ సర్దుకోవాలి. సీటు ఎత్తు ఎక్కువైతే ప్రతి తొక్కుడికీ తుంటి ఊగుతుంది. మీ కుడి తొడ ఒరుపు దానివల్లే కావచ్చు. సీటు ముందు కొన ఫ్రేమ్ పైగొట్టానికి సూటిగా ఉందో, ఒక పక్కకి తిరిగి ఉందో కూడా వెనకనుంచి ఒక కన్ను మూసి చూడండి.

వాలు: సైకిల్‌ని చదును నేల మీద నిలబెట్టి, సీటు మీద పొడుగ్గా గట్టి పుస్తకం పెట్టి, దాని మీద ఫోన్ పెట్టి లెవెల్ చూడండి. సున్నాతో మొదలుపెట్టి, ముందు కొనని ఒకటి రెండు డిగ్రీలు దించవచ్చు. 27 సెం.మీ. సీటుకి ఒక డిగ్రీ అంటే ఈ కొసకీ ఆ కొసకీ దాదాపు 5 మి.మీ. తేడా. కొన కొంచెం లేచినా ముందుభాగాన్ని నేరుగా నొక్కుతుంది. మరీ దించితే ముందుకి జారిపోతూ బరువంతా అరచేతుల మీద పడుతుంది. వెనక భాగం పైకి లేచి ఉండే సీట్లకి పుస్తకం లెక్క సరిపోదు, ముందు సగం మాత్రమే సమంగా ఉందో లేదో చూడాలి.

అన్నిటికంటే ఎక్కువమంది పట్టించుకోనిది హ్యాండిల్ దూరం. అది అందక శరీరం ముందుకి పాకుతుంది, వెడల్పైన వెనక భాగం ఖాళీగా ఉండిపోయి సన్నటి కొన మీద కూర్చుంటారు. వెనక ఎముకల దగ్గర నొప్పి లేదన్నారు కదా, అంటే బరువు వాటి మీద పడటమే లేదేమో. సీటు పైభాగం చూడండి, ఎక్కడ నునుపుగా అరిగిందో అక్కడే కూర్చుంటున్నట్టు.

దీనికి సీటుని ముందుకి జరపకండి, మోకాలి వరస చెడుతుంది. స్టెమ్‌ని, అంటే హ్యాండిల్‌ని ఫోర్కు గొట్టానికి కలిపే ముక్కని, తిరగేయండి. 90 మి.మీ. పొడవూ 7 డిగ్రీల వంపూ ఉన్న స్టెమ్ కిందికి చూస్తుంటే, తిరగేసి పెడితే హ్యాండిల్ సుమారు 2 సెం.మీ. పైకి వస్తుంది. అది చాలకపోతే ఉన్నదానికంటే 20 మి.మీ. పొట్టిదైన స్టెమ్ వేయండి. బిగించేటప్పుడు ముందు పై టోపీ బోల్టుతో ఫోర్కు ఊగుడు పోయేదాకా బిగించి, ఆ తర్వాతే పక్క బోల్టులు బిగించాలి. వరస మారిస్తే బేరింగులు వదులుగా ఉండిపోతాయి.

ఒకేసారి రెండు మార్చకండి. ఏది పనిచేసిందో తెలియదు.

గేరుబండి:
ఇద్దరికీ ధన్యవాదాలండి. కొలిచాను, సగటు 132 మి.మీ. మడమ పెట్టి చూస్తే తుంటి ఒరుగుతోంది. ముందు కొన 4 డిగ్రీలు పైకి ఉంది! సీటు కింది బిగింపు పళ్లున్న పాతరకం, ఒక పన్ను జరిపితే ఒక్కసారిగా కొన బాగా కిందికి పడుతోంది.

ఒకవేళ మార్చాల్సి వస్తే, కన్నం ఉన్నది తీసుకోవాలా, గాడి ఉన్నదా?

స్పానర్14:
4 డిగ్రీలు పైకి ఉంటే తిమ్మిరెక్కకుండా ఉండదు. పళ్ల బిగింపుతో సన్నగా సర్దడం కుదరదు, మీరు చెప్పినట్టు ఒక పన్నుకే చాలా డిగ్రీలు మారిపోతుంది. రెండు బోల్టుల సీట్‌పోస్ట్ (సీటుని మోస్తూ ఫ్రేమ్‌లోకి దిగే గొట్టం) వేయించండి. వెనకవైపు బోల్టు పావు మలుపు వదిలి ముందువైపుది అంతే బిగిస్తే కొన కావలసినంతే దిగుతుంది. పోస్ట్ లావు మీ పాతదాని మీదే చెక్కి ఉంటుంది, 27.2 లాంటి సంఖ్య. 0.2 మి.మీ. తేడా ఉన్నా అది దూరదు, లేదా జారిపోతుంది. లోపలికి కనీసం దిగాల్సిన గీత దాటి పైకి లాగకండి. ఎత్తు ముందు 10 మి.మీ. దించండి.

తొలిపొద్దు:
కన్నం సంగతి నేను చెప్తాను. దీని గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోకపోవడంవల్లే చాలామంది ఏళ్ల తరబడి బాధపడుతుంటారు.

మధ్యలో కన్నం ఉంటే అక్కడ ఒత్తిడి పడదు, నిజమే. కానీ ఆ ఒత్తిడి మాయమైపోదు, కన్నం అంచుల మీదికి వెళ్తుంది. బయటి పెదవులు నిండుగా ఉన్నవాళ్లకి కండ కన్నంలోకి దిగి, అంచుకి కోసుకుపోయినట్టు ఉంటుంది, వాపు కూడా వస్తుంది. అలాంటివాళ్లకి అంచులు మెత్తగా వాలిన వెడల్పాటి గాడో, కన్నం ఉన్నచోట ఇంకా మెత్తటి ఫోమ్ నింపిన సీటో మేలు. స్పెషలైజ్డ్ కంపెనీ మిమిక్ అనే పేరుతో చేసే సీట్ల పద్ధతి ఈ రెండోదే. ఒత్తిడి సరిగ్గా మధ్యగీత మీదే ఉండి, పక్కలకి ఏ బాధా లేకపోతే కన్నం బాగా పనిచేస్తుంది. మీరు చెప్పిన లక్షణం మధ్యగీతదే కాబట్టి కన్నం నుంచే మొదలుపెట్టండి. అంచులు తగులుతున్నాయనిపిస్తే గాడికి మారండి. కన్నం మరీ సన్నగా ఉంటే లేనట్టే, ముందువైపు రెండు వేళ్లయినా పట్టాలి.

132కి 30 కలిపితే 162. మీ సీటు 150 కాబట్టి సన్నం. కొన్ని కంపెనీలు ఒకే మోడల్‌ని 143, 155, 168 వెడల్పుల్లో చేస్తాయి. మీకు 155 లేదా 168. హ్యాండిల్ పైకి తెస్తున్నారు కాబట్టి 168 ముందు చూడండి, తొడ వెనక భాగానికి అంచు తగిలితే 155.

ఆకారం కూడా చూడాలి. వెనకనుంచి ముందుకి మెల్లమెల్లగా సన్నబడే సీటు తొడ లోపలివైపు ఒరుస్తుంది. వెనక వెడల్పుగా ఉండి, ఒక్కసారిగా సన్నటి ముందుభాగంలోకి మారేదైతే తొడలు ఆడటానికి చోటుంటుంది. పొట్టి సీట్లు సుమారు 24 సెం.మీ. ఉంటాయి. ముందుకి వంగినప్పుడు తగలడానికి కొన తక్కువ కాబట్టి మీలాంటి సమస్యకి బావుంటాయి. అసలు కొనే లేని సీట్లు వద్దు. మలుపుల్లో తొడలతో సైకిల్‌ని నిలబెట్టుకునే ఆధారం పోతుంది.

తోలుసీటు:
ఇవన్నీ ఎందుకండీ, బ్రూక్స్ బీ17 లాంటి తోలు సీటు వేయండి. ఫోమ్ ఉండదు, బిగించి లాగిన తోలు మీ ఎముకల కిందే మెల్లగా గుంటలు పడి మీ కొలతకి తగ్గట్టు తయారవుతుంది. వెడల్పు దాదాపు 175 మి.మీ., కాబట్టి 132కి సరిపోతుంది.

తొలిపొద్దు:
నిటారుగానో, హ్యాండిల్ సీటు ఎత్తులోనో తొక్కేవాళ్లకి తోలు సీటు చాలా మంచిదే, కాదనను. వీరికి మాత్రం హ్యాండిల్ 5 సెం.మీ. కిందికి ఉంది, బాధ మధ్యగీత మీద. మామూలు బీ17కి కన్నం ఉండదు. తోలు సాగి ఎముకల దగ్గర దిగితే మధ్యభాగం ఎత్తుగా మిగిలి ఇంకా నొక్కుతుంది. తీసుకోవాలంటే మధ్యలో కోసిన రకమే తీసుకోవాలి. తడిసిన తోలు సీటు మీద కూర్చుంటే ఆకారం చెడిపోతుందని కూడా చెప్పాలి కదండీ.

తోలుసీటు:
ఆ మాట నిజమే. హ్యాండిల్ పైకి తెచ్చాక మాత్రం ఒకసారి చూడమంటాను.

అట్టముక్క:
బట్టల సంగతి ఎవరూ అనలేదు. మెత్త కుట్టిన సైక్లింగ్ షార్ట్స్ కింద లోదుస్తులు వేయకూడదు. వాటి కుట్లే తొడ మడతల్లో ఒరుస్తాయి. ఆడవాళ్ల షార్ట్స్‌లో మెత్త వెనక వెడల్పుగా, మధ్యలో నిలువు కుట్టు లేకుండా ఉండాలి. తిప్పి చూసి కొనండి. తొక్కడం అవ్వగానే విప్పేసి, ప్రతిసారీ ఉతకండి. ఒరుపు ఉన్నచోట సువాసనలు, మెంథాల్ లేని క్రీమ్ రాయండి. తొక్కే ముందు రోజు అక్కడ రోమాలు గీసుకోకండి, ఆ వెంట్రుకలే ఒరుపుని తగ్గిస్తాయి, గీసిన చోట కురుపులు లేస్తాయి. నెలసరిలో ప్యాడ్ అంచులు కోస్తుంటే మెన్‌స్ట్రువల్ కప్పు నయం. దాని కాడ తగులుతుంటే తయారీదారు చెప్పినంత మేరకు కత్తిరించుకోవచ్చు.

కొత్త సీటుకి మొదటి రెండు వారాలు ఎముకల దగ్గర కమిలినట్టుండటం మామూలే, తగ్గిపోతుంది. తిమ్మిరి మాత్రం ఎప్పుడూ మామూలు కాదు, అలవాటవుతుందని ఓర్చుకోవద్దు. పది పదిహేను నిమిషాలకోసారి పెడళ్ల మీద అర నిమిషం లేచి నిలబడండి. దిగాక గంటల తరబడి స్పర్శ రాకపోయినా, ఒక పక్కే వాచినా, గడ్డ తగిలినా, మూత్రం పోసేటప్పుడు మంట ఉన్నా డాక్టర్ని కలవండి.

గేరుబండి:
సీటు 10 మి.మీ. దించి, కొన సమం చేసి, స్టెమ్ తిరగేశాను. కవర్ తీసేశాను. కుడి తొడ ఒరుపు లేదు, తిమ్మిరి బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. కన్నం ఉన్న 168 పొట్టి సీటు తీసుకుంటున్నాను. మార్చేటప్పుడు ఏమైనా జాగ్రత్త ఉందా?

స్పానర్14:
పాత సీటు విప్పే ముందు రెండు కొలతలు రాసిపెట్టుకోండి: పెడల్ చేతులు తిరిగే నడిమి ఇరుసు నుంచి సీటు పైకి ఎంత, హ్యాండిల్ నడిమి నుంచి సీటు వెడల్పు 80 మి.మీ. అయ్యే చోటికి ఎంత. కొన నుంచి కొలవకండి. మీది పొట్టి సీటు, కొనని పాతచోటే ఉంచితే మీరు కూర్చునే చోటు 2-3 సెం.మీ. ముందుకి వచ్చేస్తుంది. రైల్స్ (సీటు కింద ఉండే రెండు కడ్డీలు) నుంచి పైభాగం దాకా ఎత్తు కూడా సీటుకీ సీటుకీ మారుతుంది. కొత్తది 8 మి.మీ. ఎత్తుంటే పోస్ట్ అంతే దించాలి.

రైల్స్ గుండ్రటి 7 మి.మీ. ఇనుపవైతే దాదాపు ఏ పోస్ట్‌కైనా పడతాయి. కోడిగుడ్డు ఆకారం కార్బన్ రైల్స్ మామూలు క్లాంప్‌లో (పోస్ట్ పైన రైల్స్‌ని పట్టే బిగింపు) బిగిస్తే పగులుతాయి, వద్దు. రైల్స్ మీద గీసిన హద్దుల లోపలే క్లాంప్ పట్టాలి, వంపు దగ్గర పడితే రైలు విరుగుతుంది. బోల్టు మరలకి కొంచెం గ్రీజు రాసి, ఎంత గట్టిగా బిగించాలో పోస్ట్ మీద న్యూటన్ మీటర్లలో (Nm) రాసి ఉంటుంది, ఆ లెక్కకి బిగించండి. మొదటి పది కిలోమీటర్ల తర్వాత అలెన్ కీతో ఒకసారి మళ్లీ చూడండి, కొత్త క్లాంప్ సర్దుకుని బోల్టు కాస్త వదులవుతుంది, అప్పుడు కొన తిరిగి పైకి లేస్తుంది.