అద్దె ఇంటికి 36 పోలికలు అవసరమా?

అద్దెఇంటి వేట:
ఆఫీసు హైదరాబాద్ రాయదుర్గంలో. ఇల్లు నాగోలులోనా, మియాపూర్‌లోనా అని నెల రోజులుగా ఇంట్లో ఇదే చర్చ. అద్దె, నీళ్ళు, మెట్రో, బడి, ఇలా 9 విషయాలు రాసుకుని ఏది ఎంత ముఖ్యమో పదికి మార్కులు వేస్తే అన్నిటికీ 8, 9 పడ్డాయి. రెండేసి చొప్పున పోల్చమని ఒక స్నేహితుడు అన్నాడు. అంటే 36 పోలికలు. ఇంత లెక్క అవసరమా?

కూకట్‌పల్లి వాసి:
అవసరమేనండి. మార్కులు వేసేటప్పుడు ఏదీ వదులుకోనక్కర్లేదు, అందుకే అన్నీ 8, 9. 'నీళ్ళా, అద్దెనా' అంటే ఒకదాన్ని వెనక్కి నెట్టక తప్పదు. 1970లలో థామస్ సాటీ అనే గణిత శాస్త్రవేత్త తెచ్చిన పద్ధతి ఇది, ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) అంటారు. రెండూ సమానమైతే 1, ఒకటి కాస్త ముఖ్యమైతే 3, బాగా ముఖ్యమైతే 5, అలా 9 దాకా. వాటి మధ్యలో తూగితే 2, 4 లాంటివి. 36 కూడా అక్కర్లేదు. ఖర్చు, ప్రయాణం, వసతి అని మూడు గుంపులు చేయండి. ముందు గుంపులను, తర్వాత ఒక్కో గుంపులోని మూడింటిని పోలిస్తే 12తో అయిపోతుంది.

మేం పోయినేడాది మూడింటితోనే చేశాం. అద్దె కంటే నీళ్ళకు 3, దూరం కంటే అద్దెకు 3 ఇచ్చాం. తీరా నీళ్ళ కంటే దూరానికి 2 ఇచ్చాం! మన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగడం లేదో చెప్పే పొంతన నిష్పత్తి 0.86 వచ్చింది. సాటీ లెక్కలో 0.10 దాటకూడదు. తీగ లాగితే తేలింది: దూరం అంటే మా ఆవిడ మనసులో పాప స్కూలు, నా మనసులో ఆఫీసు. స్కూలు సంగతి విడిగా తేల్చుకుని మళ్ళీ పోల్చాం. అద్దె కంటే నీళ్ళు 3, దూరం కంటే అద్దె 2, దూరం కంటే నీళ్ళు 4. నిష్పత్తి 0.02కు దిగింది. నీళ్ళకు సుమారు 62 శాతం, అద్దెకు 24, దూరానికి 14. ఎండాకాలం ట్యాంకర్ కోసం పడిన టెన్షన్ మమ్మల్ని అంత పట్టుకుందని అప్పటిదాకా మాకే తెలియదు.

లెక్కల మాస్టారు:
ఒక చిక్కు మీరు చెప్పలేదు. కొత్తగా ఇంకొకటి చేర్చితే, ఉన్న రెండింటి వరుస తారుమారు కావచ్చని 1983లో బెల్టన్, గేర్ అనే పరిశోధకులు చూపించారు. మియాపూర్ మేలని తేలాక కొంపల్లిలో ఒక ఇల్లు చూసొస్తే నాగోలు పైకి రావడం ఏమిటి? ఈ లెక్కను నమ్మి అడ్వాన్స్ కట్టమనడం తప్పు.

కూకట్‌పల్లి వాసి:
నిజమే, ఒప్పుకుంటాను. అందుకే ఇళ్ళను ఒకదానితో ఒకటి పోల్చలేదు. పోలికలు విషయాల బరువు తేల్చడానికే. ఇళ్ళకు ముందే స్థాయిలు పెట్టుకున్నాం: నీళ్ళు రోజూ వస్తే ఇంత, రోజు విడిచి రోజు వస్తే ఇంత. కొత్త ఇల్లు చేరినా పాత ఇంటి మార్కు కదలదు.

అద్దెఇంటి వేట:
సరేనండి, ఆదివారం ఇద్దరం విడివిడిగా 12 పోలికలూ రాస్తాం. ఒక్క సందేహం. నాగోలు నుంచి రాయదుర్గానికి మెట్రో ఒకటే లైను, మియాపూర్ నుంచైతే అమీర్‌పేటలో మారాలి. రోజూ ఆ మెట్లెక్కి దిగడం ప్రయాణం కిందికి వస్తుందా, దానికి వేరే వరుస పెట్టాలా?