"తలదన్నేవాడు" అనాలంటే ఇద్దరూ ఒకే కాలం వాళ్ళయ్యుండాలా?

డాలస్ తమ్ముడు:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. ఒక మాట మీద మా ఇంటి వాట్సాప్ గ్రూపులో రెండ్రోజులుగా రచ్చ, మీరే తీర్చాలి. నేను ఎమ్మెస్ చేసింది ఓక్లహోమా స్టేట్‌లో, స్టిల్‌వాటర్ అనే ఊళ్ళో, అక్కడ చదివినోడికి పాఠాలు గుర్తున్నా లేకపోయినా బ్యారీ శాండర్స్ అనే రన్నింగ్ బ్యాక్ పేరు మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది. 1988 సీజన్‌లో మావాడు 11 ఆటల్లో 2,628 గజాలు పరిగెత్తాడు, అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక సీజన్‌కి ఇప్పటికీ అదే రికార్డు. 2024లో బోయిసీ స్టేట్ కుర్రాడు యాష్టన్ జెంటీ అంచు దాకా వచ్చి 2,601 దగ్గర ఆగాడు. అప్పుడు నేను ఉత్సాహం ఆపుకోలేక "శాండర్స్ తలదన్నేవాడు ఇంకా పుట్టలేదు" అని ఇంటి గ్రూపులో పెట్టా. పెట్టీ పెట్టగానే మా పెదనాన్న, "ఒరేయ్, ఆ మాట అక్కడ చెల్లదు, 36 ఏళ్ళ తేడాలో ఆడిన వాళ్ళు ఒకడి తల ఒకడు ఎట్లా తంతాడ్రా" అన్నారు. మా బావ అయితే అసలు విషయం వదిలేసి "2,628 గజాలా, ఎక్కడ, శంషాబాద్ సైడా?" అని అడిగాడు.
నా డౌట్లు రెండు. "తాడుని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు" అనే సామెతలో తాడు అంటే ఏ తాడు? పెదనాన్న చెప్పింది కరెక్టేనా?

గుంటూరు మాస్టారు:
తాడు కాదు బాబూ, తాడి. అంటే తాటిచెట్టు. కట్టేసే తాడు పాత రూపం త్రాడు, దానికీ దీనికీ చుట్టరికం లేదు. తాటాకు, తాటిముంజలు, తాటిబెల్లం అంటూ మనకి 'తాటి' బాగా అలవాటైపోయి అసలు మాట తాడి మరుగున పడింది, అందుకే పిల్లలు 'తాడుని తన్నేవాడు' అని రాసేస్తున్నారు. తాడుని తన్నడం ఏం గొప్ప, కాలికి చుట్టుకుంటుంది అంతే. ఇక తలదన్ను అంటే తలన్ + తన్ను, ద్రుతం మీద పరుషం సరళమైంది, పాతవాళ్ళు అరసున్న పెట్టి తలఁదన్ను అని రాసేవాళ్ళు. మీ పెదనాన్నగారి అభ్యంతరం ఆలోచించాల్సిందే, తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. సాయంత్రం రాస్తాను, ఇక్కడ కరెంటు పోయేట్టుంది.

వరంగల్ పోరడు:
మాస్టారు వచ్చేదాక ఆగుడు నాతోని కాదు. డాలస్ అన్నా, ముందుగాల గీ ఆట సమజ్ చేయి. రన్నింగ్ బ్యాక్ అంటే ఏంది, కబడ్డీల రైడర్ లెక్కనా? తెలుగుల ఏమంటరు? 'పరుగువీరుడు' అని ఎవలన్న రాసిన్రనుకో, నేను గ్రూపుల కెళ్ళి ఎల్లిపోత.

డాలస్ తమ్ముడు:
పరుగువీరుడు అనను తమ్ముడూ, ఒట్టు. రన్నింగ్ బ్యాక్ అనే అందాం. రైడర్ పోలిక సగం కరెక్టు. రైడర్ ముందు ఏడుగురు, ఇక్కడ పదకొండు మంది, రైడర్ తాకి వెనక్కి రావాలి, ఇతను మాత్రం ముందుకే పోవాలి. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతిని తెచ్చి పొట్ట దగ్గర కుక్కుతాడు, దాన్ని చంకలో ఇరికించుకుని పరిగెత్తడమే పని, కింద పడేసేలోపు ఎన్ని గజాలు పోతే అన్ని వాడి ఖాతాలో. అలా ఒక్కసారి తీసుకెళ్తే దాన్ని క్యారీ అంటారు, మనం మోత అనుకోవచ్చు, శాండర్స్‌వి ఆ సీజన్‌లో 344 మోతలు, 37 రన్నింగ్ టచ్‌డౌన్లు, అంటే అన్నిసార్లు పరిగెత్తి అవతలోళ్ళ చివరి గీత దాటించాడు. మనిషేమో పొట్టి, 5 అడుగుల 8 అంగుళాలు. పాత వీడియోలు చూడు, భుజం ఒక పక్కకి వాలుస్తాడు, పట్టుకునేవాడు అటు ఒరుగుతాడు, వాడి బరువు ఆ కాలి మీద పడిన క్షణానికి మనోడు ఇటు తేలతాడు, అవతలోడు గాలిని వాటేసుకుని గడ్డి మీద కూర్చుంటాడు. దీనికి 'తప్పించుకున్నాడు' చాలదు. బోల్తా కొట్టించాడు అనాలి, మోసపోవడం, పడిపోవడం రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

అట్లాంటా అక్క:
బోల్తా బాగుంది తమ్ముడూ, కానీ మా జార్జియా రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్‌కి ఆ మాట పనికిరాదు. మా అమ్మాయి ఏథెన్స్‌లో జార్జియా యూనివర్సిటీలో చదివింది, ఆ నాలుగేళ్ళూ ఇంట్లో భోజనాల దగ్గర ఇదే ముచ్చట, అలా నాకూ అంటుకుంది. వాకర్‌కి సరిపోయే మాట కుమ్మడం. ఇప్పుడందరూ పరీక్ష కుమ్మేశా, బిర్యానీ కుమ్మేశా అంటున్నారు గానీ అసలు కుమ్మేది ఎద్దు కదా, తల దించి, ఎదురున్నదాన్ని. 1980 సెప్టెంబర్, నాక్స్‌విల్‌లో టెనెసీ మీద మొదటి ఆట, పిల్లాడు ఫ్రెష్‌మన్, అంటే కాలేజీలో మొదటి ఏడాది, మొదట అసలు దింపనే లేదు, జార్జియా 15-2తో వెనకబడి ఉంది. అప్పుడు బంతి ఇచ్చారు. ఎదురుగా టెనెసీ వాడు బిల్ బేట్స్ కాళ్ళు పాతుకుని నిలబడ్డాడు, వాడూ ఆషామాషీ మనిషేం కాదు, తర్వాత డాలస్ కౌబాయ్స్ అనే ప్రొఫెషనల్ టీముకి ఏళ్ళ తరబడి ఆడాడు. వాకర్ పక్కకి తప్పుకోలేదు, తిన్నగా వాడి మీద నుంచే వెళ్ళిపోయి టచ్‌డౌన్ పెట్టాడు, ఆట 16-15తో జార్జియాది. ఆ సీజన్ చివర షుగర్ బౌల్‌లో (సీజన్ అయ్యాక ఆడే ప్రత్యేక ఆటల్ని బౌల్ గేములంటారు) నోటర్‌డామ్ మీద మొదట్లోనే భుజం జారింది, సరిచేయించుకుని మళ్ళీ వచ్చి 150 గజాలు. టీము మొత్తం కలిపి ఎంతో తెలుసా, 127. అంటే మిగతావాళ్ళంతా కలిసి మైనస్‌లో ఉన్నారు!! అన్నట్టు వాకర్, బేట్స్ తర్వాత డాలస్‌లో ఒకే టీములో ఆడారు, మొదటి రోజు ఏం మాట్లాడుకున్నారో వినాలనుంది నాకు.

బోయిసీ బాబు:
అందరూ మా జెంటీని 27 గజాలు తక్కువోడిగానే చూస్తున్నారు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆట మొదలయ్యే ముందు మిగతా రన్నింగ్ బ్యాక్‌లు మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి ఉంటారు, ఇతనేమో నిటారుగా నిలబడతాడు, చేతులు రెండూ కిందకి వేలాడేసి, రేషన్ షాపు క్యూలో నిలబడ్డట్టు. చూస్తే పరిగెత్తే మనిషిలా ఉండడు. బంతి చేతికొచ్చాక ఉడుంపట్టు పట్టినా జారిపోతాడు, అతని గజాల్లో ఎక్కువ భాగం ఎవడో ఒకడు తగిలాక వచ్చినవే. అక్క కుమ్మడం అన్నారు, అన్న బోల్తా అన్నారు, మావాడికి రెండూ కాదు, విదిలించుకోవడం. కుక్క నీళ్ళు విదిలించినట్టు. చివరి ఆట 2024 డిసెంబర్ 31న ఫియెస్టా బౌల్, పెన్ స్టేట్ మీద 132 గజాలు కొడితే రికార్డు మాదే, 104 దగ్గర ఆగింది. ఆ రోజు వాళ్ళు గట్టిగానే పట్టారు, సాకులేం చెప్పను.

డాలస్ తమ్ముడు:
బాబూ కుర్రాడంటే నాకూ ఇష్టమే గానీ లెక్క చూడు. మావాడివి 11 ఆటలు, మీవాడివి 14. ఇంకోటి, 1988లో బౌల్ గేమ్‌లో కొట్టింది సీజన్ లెక్కలో కలిపేవాళ్ళు కాదు, కలపడం మొదలెట్టింది 2002 నుంచి. ఆ హాలిడే బౌల్‌లో శాండర్స్ వయోమింగ్ మీద 222 గజాలు, 5 టచ్‌డౌన్లు కొట్టాడు. కలిపితే 2,850. మీ ఫియెస్టా బౌల్ 104 మాత్రం లెక్కలోనే ఉన్నాయి, అది తీస్తే 2,497.

వరంగల్ పోరడు:
అంటే మనుషులు కాదు అన్నా, చెట్టు కొలిచేటోడు మారిండు.

అట్లాంటా అక్క:
పోరడు మంచి మాట అన్నాడు. ఇదే గొడవ కెరీర్ మొత్తం లెక్కలోనూ ఉంది. విస్కాన్సిన్ రాన్ డేన్ 1996 నుంచి 1999 దాకా ఆడినవన్నీ కలిపితే 7,125 గజాలు, కానీ రికార్డు పుస్తకంలో 6,397. శాన్ డియెగో స్టేట్ డానెల్ పంఫ్రీ 2016లో 6,405తో దాన్ని దాటేశాడు, ఎందుకంటే అతనివి బౌల్ గేములతో సహా, డేన్‌వి లేకుండా. పంఫ్రీ తప్పేం లేదు పాపం, సన్నగా రివటలా ఉండే పిల్లాడు, ఆటలన్నీ ఆడాడు, గజాలన్నీ పరిగెత్తాడు. కానీ డేన్ తలదన్నాడు అనడానికి నాకు నోరు రాదు.

గుంటూరు మాస్టారు:
కరెంటు వచ్చింది, అన్నీ చదివాను. ఆట నాకు తెలీదు గానీ వరంగల్ అబ్బాయి చెట్టు దగ్గరికి వచ్చాడు కాబట్టి నా పని తేలికైంది. "తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు". ఇందులో రెండోవాడు ఏం తంతున్నాడో చూడండి. చెట్టుని కాదు. మొదటివాడు ఎగిరి తన్నింది చెట్టుని, రెండోవాడు తన్నేది అలా ఎగిరిన మనిషి తలని. అంటే మొదటివాడు గాల్లో ఉన్నప్పుడు రెండోవాడూ అక్కడే ఉండాలి, వాడికంటే పైకి ఎగరాలి. మీ పెదనాన్నగారు పట్టుకున్నది ఇదే. జెంటీ తన్నబోయింది శాండర్స్ తన్నిన తాడిని, శాండర్స్ తలని కాదు, ఆ తల 1988లోనే కిందకి దిగిపోయింది. ఆ మధ్యలో తాడి కూడా ఊరుకోదు కదా, ఎదుగుతుంది, లేదా చుట్టూ మట్టి పోసి పొట్టి చేస్తారు. 14 ఆటలు, కలిపిన బౌల్ గేములు, అవి ఆ మట్టి.

అట్లాంటా అక్క:
మాస్టారూ, మీరంటే గౌరవం, కానీ ఒప్పుకోను. సామెతలో "ఉన్నాడు" అనలేదు, "ఉంటాడు" అన్నారు. తద్ధర్మం అది, ఇవాళ కావచ్చు, ముప్పై ఏళ్ళకి కావచ్చు. మా అత్తగారు "నీ కొడుకు నీ తలదన్నేవాడవుతాడు" అని మా ఆయన్ని దీవిస్తుంది, మా ఆయనకి ఏభై రెండు, కొడుక్కి పద్నాలుగు, ఇద్దరూ ఒకేసారి ఎగరాలా? మీ లెక్కన ఆ దీవెన చెల్లదు.

గుంటూరు మాస్టారు:
దీవెన దగ్గర నన్ను పట్టేశావమ్మా. నిజమే, వాడుకలో తలదన్ను ఎప్పుడో సామెత నుంచి విడిపోయి 'మించిపోవు' అయింది. సామెత మొత్తంగా చెప్తే నా అర్థం, విడి క్రియగా వాడితే నీ అర్థం. డాలస్ అబ్బాయి వాడింది విడి క్రియే, కాబట్టి వాక్యం తప్పు కాదు. పెదనాన్నగారితో మాత్రం ఆయనే కరెక్టని చెప్పు, పెద్దాయన.

బోయిసీ బాబు:
"ఉంటాడు" అన్నారు కాబట్టి ఒకటి అడుగుతా. ఒహాయో స్టేట్ ఆర్చీ గ్రిఫిన్ 1974, 1975 రెండేళ్ళూ హైజ్‌మన్ ట్రోఫీ, అంటే ఏటా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చేది, కొట్టాడు. ఇది చెట్టు కొలతా కాదు, గజాల లెక్కా కాదు, 11 ఆటలా 14 ఆటలా అన్న పేచీ లేదు. రెండోసారి కొట్టినవాడు అతని ముందూ లేడు, తర్వాత ఈ ఏభై ఏళ్ళలోనూ లేడు. మరి "ఉంటాడు" ఎప్పుడు?

గుంటూరు మాస్టారు:
సామెతలో గడువు రాయలేదు బాబూ.

డాలస్ తమ్ముడు:
హహ. మోత అన్నాను కదా, ఆ మాట అచ్చంగా సరిపోయేవాడు ఒకడున్నాడు. ఇల్లినాయ్ రెడ్ గ్రేంజ్, హైజ్‌మన్ ట్రోఫీ పుట్టకముందు మనిషి. వీటన్ అనే ఊళ్ళో సెలవుల్లో ఇంటింటికీ ఐసు దిమ్మలు మోసేవాడు, నిజం మోత, భుజం మీద. 1924 అక్టోబర్ 18న మిషిగన్ మీద ఆట మొదలవగానే వాళ్ళు తన్నిన మొదటి బంతినే పట్టుకుని 95 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్, తర్వాత 67, 56, 44, మొత్తం నాలుగు టచ్‌డౌన్లు, అన్నీ మొదటి 12 నిమిషాల్లోనే. అప్పట్లో బంతి మోసినవాడే అవతలోళ్ళు మోసేటప్పుడు పట్టుకోవడానికీ ఉండాలి, ఇప్పట్లా సగం టీము బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగడం లేదు. శాండర్స్‌తో పోల్చమంటే నా వల్ల కాదు, అతనిది తాడి కాదు, ఇంకేదో చెట్టు, మర్రో ఏదో.

వరంగల్ పోరడు:
అన్నా, ఇంతకీ ఇంటి గ్రూపుల ఏమైంది?

డాలస్ తమ్ముడు:
మాస్టారు రాసిందంతా కాపీ చేసి పెట్టా. పెదనాన్న ఒక్క ముక్కే రాశారు, "నేను ముందే చెప్పా". బావ మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు, ఆ 2,628 గజాల్లో తాటిచెట్టు కూడా ఉందంట కదా, కొట్టించి ఇస్తారా, చెట్టుతోనే రిజిస్ట్రేషనా అని అడుగుతున్నాడు.